పోలవరం ఒప్పందాల పరిశీలన: ‘ఒకే చేతి’ వాదానికి ఖండన

పోలవరం ప్రాజెక్టుకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు గోదావరి జిల్లాల్లో ఒక జవాబు స్థిరపడిపోయింది. రాష్ట్ర జలవనరుల శాఖ, పోలవరం ప్రాజెక్టు అథారిటీ, కేంద్ర జలసంఘం, కేంద్ర జలశక్తి శాఖ, కేంద్ర ఆర్థిక శాఖ, నడుమ కొన్నేళ్లపాటు టెండర్లపై న్యాయమూర్తి పరిశీలన, ఇన్ని చోట్ల ఒకే కాగితం తిరగవలసి రావడం వల్లనే పని కుంటుపడిందని, ఒప్పందాల మీద అధికారమంతా ఒకే చేతిలో ఉండి ఉంటే డెల్టాకు నీటి భరోసా ఎప్పుడో దక్కేదని ఆ జవాబు సారాంశం. మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అన్న సామెత ఈ వాదానికి తోడుగా నిలవడంతో దాన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు. అధికారంలో ఉన్నంతకాలం పార్టీలు ఈ వాదాన్ని చూపి పరిశీలనను కుదించుకుంటాయి, ప్రతిపక్షంలోకి వెళ్లగానే అవే పార్టీలు మరో పరిశీలకుణ్ణి నియమించాలని కోరతాయి. చూడటానికి ఎదురుబొదురుగా ఉన్న ఈ రెండు వైఖరులూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. పరిశీలించేవారు ఎందరన్న లెక్క దగ్గరే చూపు ఆగిపోయి, వారిలో ఎవరు దేన్ని పరిశీలించాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఎవరి మాటకు ఎవరు కట్టుబడాలి అన్న అసలు ప్రశ్న అడగకుండా మిగిలిపోవడమే ఆ పొరపాటు.

వాదంలోకి వెళ్లేముందు వ్యవస్థ రూపం తెలియాలి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 90వ సెక్షను పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. దాని అమలు కోసం అదే ఏడాది మే 28న పోలవరం ప్రాజెక్టు అథారిటీ ఏర్పడింది. అయితే 2016 సెప్టెంబరులో, కేంద్రం తరఫున రాష్ట్ర ప్రభుత్వమే ప్రాజెక్టును నిర్మించేందుకు కేంద్రం అంగీకరించింది. దానితో ఒప్పందం కుదుర్చుకునేది, బిల్లు చెల్లించేది రాష్ట్రం కాగా, ఆ బిల్లును సరిచూసి తిరిగి చెల్లింపుకు సిఫారసు చేసేది అథారిటీ, డిజైన్లను ఆమోదించేది కేంద్ర జలసంఘం, డబ్బు ఇచ్చేది కేంద్రం అయ్యాయి. చట్టం కేంద్రానికి ఇచ్చిన నిర్మాణ బాధ్యత పరిపాలనా నిర్ణయంతో రాష్ట్రానికి బదిలీ అయింది గాని, ఒప్పందాన్ని మార్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు, మరొకరికి అప్పగించేటప్పుడు అథారిటీ మాట ఆదేశమా, సలహానా అన్నది తేలలేదు. తరువాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం అక్కడుంది.

ఒప్పంద పరిశీలన అన్న ఒక్క మాట కింద నిజానికి వేర్వేరు పనులున్నాయి. పని అంచనా విలువ న్యాయమైనదా అని చూడటం ఒకటి. ప్రభుత్వ ఇంజనీర్లు టెండరుకు ముందు లోపల లెక్కగట్టుకునే ఈ విలువను శాఖలో ఐబీఎం అంటారు. టెండరు షరతులు ఎవరో ఒకరికి అనుకూలంగా ఉన్నాయా అని చూడటం మరొకటి. పని నడుస్తుండగా ఒప్పందాన్ని మార్చవచ్చా, కొంత భాగాన్ని విడదీయవచ్చా అని తేల్చడం వేరొక పని. ఒక గుత్తేదారు పని మరొక గుత్తేదారు పనికి ఎప్పుడు అడ్డు తగులుతుంది, ఏది ముందు పూర్తి కావాలి, వరద వచ్చేలోపు దేన్ని ఏ దశలో వదిలేయవచ్చు అని చూడటం అన్నిటికంటె కీలకమైనది. మొదటి రెండింటికి పరిశీలకులు అవసరానికి మించి ఉన్నారు, మూడోదానికి ఉన్నారో లేరో ఎవరూ గట్టిగా చెప్పలేరు, నాలుగోదానికి మాత్రం బాధ్యుడంటూ ఒకరు లేరు.

ఒకే చేతి వాదాన్ని మొదట చరిత్రతోనే పరీక్షించాలి. 2004లో పనులు మొదలైనప్పటి నుంచి 2014 వరకు పోలవరం ఒప్పందాల మీద అధికారం దాదాపు పూర్తిగా రాష్ట్ర నీటిపారుదల శాఖదే. అథారిటీ అప్పటికి పుట్టనే లేదు. అయినా ప్రధాన జలాశయం పనులకు పిలిచిన టెండర్లు రద్దయి మళ్లీ పిలవవలసి వచ్చింది, చివరకు 2013లో గాని ట్రాన్స్‌ట్రాయ్ నాయకత్వంలోని సంస్థల కూటమితో సుమారు 4,054 కోట్ల రూపాయల ఒప్పందం కుదరలేదు. అనుమతుల వ్యాజ్యాలు, భూసేకరణ, నిర్వాసితుల సమస్య ఆ ఆలస్యంలో పెద్ద భాగమేనన్నది నిజమే. కాని ఒకే చేతిలో ఉన్న పదేళ్లలో టెండర్ల కథ సాఫీగా సాగలేదన్నది కూడా అంతే నిజం, ‘ఒకే చెయ్యి’ అనేవారు ఈ పదేళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈ సందర్భంలో గోదావరి ప్రాంతంలో తరచు వినిపించే మరో మాటకూ జవాబు చెప్పాలి. కాటన్ దొర ఎవరినీ అడగకుండా అయిదేళ్లలో ఆనకట్ట కట్టాడని, ఈనాటి కమిటీలు ఉండి ఉంటే అదీ అయ్యేది కాదని కొందరు అంటారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ఆర్థర్ కాటన్ నివేదిక మీద నివేదిక రాసి మద్రాసు ప్రభుత్వాన్ని ఒప్పించవలసి వచ్చింది, ఆ పైన లండనులోని కంపెనీ డైరెక్టర్ల మంజూరు పొందవలసి వచ్చింది. ఓడలో వెళ్లే ఉత్తరానికి నెలలు పట్టే రోజుల్లో ఇన్ని అంచెల పరిశీలన దాటి వచ్చిన పని అది. అనారోగ్యం వల్ల కాటన్ కొంతకాలం దూరంగా ఉండవలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఓర్ దాన్ని కొనసాగించగలిగాడు. మంజూరు చేసేది ఎవరు, కట్టేది ఎవరు అన్న గీత స్పష్టంగా ఉన్నందువల్లనే మనిషి మారినా పని ఆగలేదు. కాటన్ పేరును పరిశీలనకు వ్యతిరేకంగా వాడటం చరిత్రకు, ఆయనకు కూడా అన్యాయం చేయడమే.

ఇక అథారిటీ ఏర్పడిన తరువాతి రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. స్పిల్‌వే, స్పిల్ చానల్ పనులు వెనకబడ్డాయని 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందంలోని 60సి నిబంధనను ఆశ్రయించింది. గుత్తేదారు అనుకున్న వేగంతో పనిచేయనప్పుడు నోటీసు ఇచ్చి, పనిలో కొంత భాగాన్ని విడదీసి మరొకరికి అప్పగించి, అదనంగా అయ్యే ఖర్చును మొదటి గుత్తేదారు నుంచి రాబట్టుకునే వీలును ఆ నిబంధన ఇస్తుంది. దాని ప్రకారం సుమారు 1,483 కోట్ల పనులకు టెండరు పిలవగా, నవంబరు నెలాఖరులో కేంద్ర జలవనరుల శాఖ కార్యదర్శి ఆ టెండర్లను నిలిపివేయాలని లేఖ రాశారు. రాష్ట్రం ఆపేసింది, శాసనసభలో ఆ లేఖపై ఆగ్రహం వ్యక్తమైంది, చివరకు 2018 మొదట్లో ఆ పనులు టెండరు లేకుండా, నామినేషన్ పద్ధతిలో, పాత ధరలకే చేసేందుకు ముందుకు వచ్చిన నవయుగ సంస్థకు చేరాయి. పోటీ లేకుండా ప్రభుత్వమే ఒకరిని ఎంచుకుని పని అప్పగించడాన్ని నామినేషన్ అంటారు. అంటే టెండరు మీద పరిశీలకుడు అభ్యంతరం చెప్పినందువల్ల, పరిశీలనకు ఇంకా తక్కువ అవకాశమున్న పద్ధతిలో పని చేతులు మారింది.

2019లో ప్రభుత్వం మారింది. జులై నెలాఖరులో నవయుగకు ఒప్పందాన్ని ముందుగానే ముగించే నోటీసు వెళ్లింది. ఆగస్టు 13న అథారిటీ సమావేశమై చర్చించింది, 16న దాని ముఖ్య కార్యనిర్వహణాధికారి రివర్స్ టెండరింగ్‌కు, అంటే ధర తగ్గించేందుకు మళ్లీ టెండరు పిలవడానికి, వెళ్లవద్దని, ఆలస్యం, ఖర్చు పెరుగుదల తప్పకపోవచ్చని రాష్ట్రానికి లేఖ రాశారు. మరునాడే, 17న, టెండరు ప్రకటన వెలువడింది. పైగా ఆ ఒక్క టెండరులోనే జలవనరుల శాఖ ఒప్పందం కింద ఉన్న జలాశయం పనులను, ఏపీ జెన్‌కో ఒప్పందం కింద ఉన్న జలవిద్యుత్ కేంద్రం పనులను కలిపారు. జలవిద్యుత్ ఒప్పందం రద్దుపై ఆగస్టు 22న హైకోర్టు స్టే ఇవ్వగా, అక్టోబరు 31న ఆ స్టే తొలగి, నవంబరులో గాని టెండరు దక్కించుకున్న కొత్త సంస్థ పని మొదలుపెట్టలేదు.

ఈ రెండు లేఖలూ ఒకే ప్రాజెక్టు మీద, రెండేళ్ల తేడాలో వచ్చినవి. 2017లో లేఖకు టెండరు ఆగింది, 2019లో లేఖ వచ్చిన మర్నాడే టెండరు వెలువడింది. మధ్యలో చట్టం మారలేదు, అథారిటీ నిబంధనలు మారలేదు, 2016 నాటి ఏర్పాటూ మారలేదు. మారినదల్లా హైదరాబాదు, అమరావతి, ఢిల్లీల మధ్య రాజకీయ వాతావరణమే. పరిశీలకుడి మాటకు ఉన్న బలం నిబంధన నుంచి కాక ఆనాటి రాజకీయం నుంచి వస్తున్నప్పుడు, పరిశీలకులు ఒకరున్నా పదిమంది ఉన్నా ఫలితం ఇంతే. సంఖ్యను తగ్గించమనేవారు ఈ రెండు లేఖల తేడాను ఎలా వివరిస్తారో చెప్పవలసి ఉంది.

రివర్స్ టెండరింగ్‌ను సమర్థించినవారి వాదాన్ని దాని బలమైన రూపంలోనే తీసుకోవాలి. మొదట వచ్చిన కనిష్ఠ ధరను ప్రాతిపదికగా పెట్టుకుని, బిడ్లు వేసినవారి మధ్య ఆన్‌లైన్ వేలం నడిపి ధరను ఇంకా తగ్గించడం రివర్స్ టెండరింగ్ పద్ధతి. పోలవరంలో 4,987 కోట్ల పనికి మేఘా ఇంజనీరింగ్ సంస్థ 12.6 శాతం తక్కువకు ముందుకు రావడంతో సుమారు 628 కోట్లు ఆదా అయ్యాయని ప్రభుత్వం చెప్పింది. ఆ ఆదా కాగితం మీద నిజమే. నామినేషన్ మీద ఇచ్చిన పనిని తిరిగి పోటీలో పెట్టాలన్న సూత్రమూ తప్పు కాదు. అయితే ఆ పోటీలో దాఖలైనది ఒకే ఒక్క బిడ్డు. అంతకన్న ముఖ్యం, ఆ పరిశీలన అంతా ధర చుట్టూనే తిరిగింది. గోదావరి మీద డ్యాము కట్టేవారికి ఏడాదిలో చేతికొచ్చే పనికాలం నవంబరు నుంచి జూన్ దాకా మాత్రమే. జూలై నుంచి అక్టోబరు వరకు నది తన పని తాను చేసుకుంటుంది. అలాంటి చోట వరద నడుస్తుండగా గుత్తేదారును మారిస్తే, సగంలో ఉన్న కట్టలను ఆ వరదకాలమంతా ఎవరు కాపాడాలి అన్నది ధరకన్న ముందు అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే బాధ్యత ఫలానా అధికారిదని రాసిన నిబంధన ఏదీ లేదు.

దానికి చెల్లించిన మూల్యం డయాఫ్రం వాల్ రూపంలో కళ్లముందే ఉంది. నది అడుగున ఇసుకలోంచి నీరు డ్యాము కిందుగా ఊరిపోకుండా రాతిదాకా దింపే కాంక్రీటు గోడను డయాఫ్రం వాల్ అంటారు. సుమారు 1,396 మీటర్ల పొడవున ఎల్ అండ్ టీ, బావర్ సంస్థలు 2018 జూన్ నాటికి దాన్ని పూర్తిచేశాయి. ఆ గోడ మీద రాతి మట్టి డ్యాము కట్టాలంటే నదిని ఆ భాగం నుంచి పక్కకు మళ్లించాలి, అందుకు ఎగువన, దిగువన కాఫర్ డ్యాములనే తాత్కాలిక కట్టలు, మళ్లిన నీరు పోవడానికి 48 గేట్ల స్పిల్‌వే సిద్ధంగా ఉండాలి. ఎగువ కాఫర్ డ్యాములో ఖాళీలు ఉండగానే వరదలు వచ్చాయి. ఇరుకుదారిలో ఉరవడి పెరిగి నది అడుగు కోసుకుపోయి గోడ నాలుగుచోట్ల దెబ్బతిన్నది. 485 మీటర్ల మేర నష్టం జరిగిందని కేంద్ర జలవిద్యుత్ సంస్థ ఎన్‌హెచ్‌పీసీ అధ్యయనం తేల్చింది. అమెరికా, కెనడాల నుంచి వచ్చిన నిపుణుల బృందం 2024లో పరిశీలించాక కొత్త గోడ కట్టడమే మేలని నిర్ణయమైంది. సుమారు 990 కోట్ల వ్యయంతో 2025 జనవరిలో ఆ పని మొదలైంది.

ఇందులో తప్పు ఎవరిదన్న వాదన రాజమహేంద్రవరం టీ కొట్ల నుంచి శాసనసభ దాకా ఇంకా నడుస్తూనే ఉంది. స్పిల్‌వే, కాఫర్ డ్యాములు పూర్తికాకుండా గోడ ముందు కట్టడమే తప్పని ఒక పక్షం, కట్టిన గోడను గుత్తేదారు మార్పుతో గాలికొదిలేయడమే తప్పని మరొక పక్షం వాదిస్తున్నాయి. ఈ రెండు వాదాల్లో ఒకటి పూర్తిగా నిజమై రెండోది పూర్తిగా అబద్ధమైనా ప్రస్తుత చర్చకు తేడా ఉండదు. గోడ కట్టిన సంస్థలు వేరు, స్పిల్‌వే, కాఫర్ డ్యాములు కట్టినవి వేరు, డిజైను కేంద్ర జలసంఘానిది, ఒప్పందం రాష్ట్రానిది, బిల్లు పరిశీలన అథారిటీది. ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమాన్ని ఆమోదిస్తున్నామని సంతకం చేసి, దాన్ని ఉల్లంఘించిన ఏ టెండరునైనా నిలిపివేయగల అధికారం ఉన్న ఒక్క పరిశీలకుడు ఉండి ఉంటే, ఈ వాదన ఇన్నేళ్లు సాగే అవకాశమే లేదు. ఆ ఒక్క సంతకాన్ని చూపితే చాలు, నిజం తేలిపోయేది.

మరో పరిశీలకుణ్ణి చేరిస్తే చాలన్న ఎదుటి పక్షపు విశ్వాసం కూడా నిలవదు. 2019లో తెచ్చిన న్యాయ ముందస్తు పరిశీలన చట్టం 100 కోట్లు, అంతకు మించిన పనుల టెండరు పత్రాలను హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారి ముందు పెట్టాలని, ప్రజల అభ్యంతరాలు స్వీకరించి పక్షం రోజుల్లో తేల్చాలని నిర్దేశించింది. గడువు పెట్టి, పత్రాలను ప్రజల ముందు ఉంచిన ఆ రెండు అంశాలూ మెచ్చదగినవే, వాటిని ఎవరు తెచ్చినా మెచ్చుకోవాలి. కాని ఆ పరిశీలన టెండరు విడుదలకు ముందటి కాగితానికే పరిమితం. ఒప్పందం మీద సంతకాలైన తరువాత ధర పెరిగినా, గడువు మారినా, పని చేతులు మారినా దాని చూపు చేరేది కాదు. న్యాయమూర్తి సెప్టెంబరులో నియమితులయ్యేసరికి ఆగస్టు 17 నాటి పోలవరం టెండరు అప్పటికే బయటికి వచ్చేసింది. 2024లో రివర్స్ టెండరింగ్ రద్దయింది, అదే ఏడాది నవంబరులో న్యాయ పరిశీలన చట్టాన్ని రద్దుచేసే బిల్లును శాసనసభ ఆమోదించింది. ఆ రద్దుకు చెప్పిన కారణం జాప్యం. ఒక ప్రభుత్వం చేర్చింది, మరొక ప్రభుత్వం తీసేసింది, ఆ పరిశీలనలో పనికొచ్చిన గడువు, బహిరంగత ఏ సంస్థకు బదిలీ కావాలన్న చర్చ మాత్రం ఏ పక్షమూ చేయలేదు.

బాధ్యతలు పంచుకున్న బహుళ పరిశీలన కుదరదనే వారికి భారతదేశంలోనే జవాబులున్నాయి. నర్మదా ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం ఏర్పడిన సర్దార్ సరోవర్ నిర్మాణ సలహా సంఘంలో గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, కేంద్రం కూర్చున్నాయి. అంచనాలను, నిర్ణీత పరిమితి దాటిన ఒప్పందాలను చూసి సిఫారసు చేయడం దాని పనిగా ముందే రాసి ఉంది. సర్దార్ సరోవర్ ఆలస్యానికి, నిర్వాసితుల కష్టాలకు వేరే కారణాలున్నాయి, కాని ఏ ఒప్పందం ఎవరి ముందుకు రావాలన్న గందరగోళం వాటిలో పెద్దది కాదు. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచే పనుల్లోనూ పద్ధతి ఇలాంటిదే. నిర్ణీత విలువ దాటిన ఒప్పందాలకు సంతకానికి ముందే బ్యాంకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి, అంతకు తక్కువ విలువ ఉన్నవాటిని పని ఇచ్చిన తరువాత తనిఖీ చేస్తారు. ఏ పని ఏ గీతకు ఇవతల, ఏది అవతల అన్నది అప్పు ఒప్పందం నాడే తేలిపోతుంది. ప్రపంచ బ్యాంకు షరతులన్నిటినీ మెచ్చుకోనక్కరలేదు గాని, పరిశీలకుడి లేఖకు ఎంత బలముందో పని మొదలయ్యే ముందే ఇరుపక్షాలకూ తెలిసి ఉండటం అన్న ఈ ఒక్క లక్షణం పోలవరంలో లేదు.

అసలు ఇంత దూరం వెళ్లనవసరం లేదు. డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేశాక జరిగే పూడికతీత, గట్ల పనులకు ఏ చిన్న సెక్షన్ ఆఫీసులోనైనా ఎంబుక్కు అనే కొలతల పుస్తకం ఉంటుంది. పూడిక ఎంత తీశారో సహాయ ఇంజనీరు కొలిచి, తేదీ వేసి, పేజీ సంఖ్యతో రాస్తాడు. డిప్యూటీ ఇంజనీరు అందులో కొంత భాగాన్ని తిరిగి కొలిచి సంతకం చేస్తాడు. నాణ్యత విభాగం వేరుగా చూస్తుంది. బిల్లులో తప్పు దొరికితే ఎవరి కొలత తప్పో పేజీ తిప్పి చూపించవచ్చు. ముగ్గురు చూసినందువల్ల ఆ పని ఆలస్యమవుతుందని ఏ గుత్తేదారూ ఫిర్యాదు చేయడు, ఎవరు ఏది చూడాలో అందరికీ తెలుసు గనుక. కొన్ని లక్షల రూపాయల పూడికతీతకు ఉన్న ఈ స్పష్టత వేల కోట్ల డ్యాముకు లేదంటే, ఇంజనీర్లకు పద్ధతి తెలియక కాదు. పైస్థాయి సంస్థలు తమ పరిధిని కాగితం మీద కచ్చితంగా రాసుకుంటే, రేపు బాధ్యత కూడా అంతే కచ్చితంగా తమ మీద పడుతుందని వెనకాడడం వల్లనే ఈ గీత గీయలేదు. ఒకే చేతి వాదం ఈ వెనుకంజను కప్పిపుచ్చుతుంది గనుకనే దాన్ని గట్టిగా ఖండించవలసి వస్తున్నది.

ఈ చర్చ దస్త్రాల వ్యవహారమని డెల్టా రైతు తోసిపుచ్చలేడు. సార్వా వర్షాధారంగా, వరద నీటితో ఎలాగో గట్టెక్కినా, దాళ్వా పంట వేయాలా వద్దా అన్నది నదిలో సహజ ప్రవాహం, సీలేరు నుంచి వచ్చే నీరు ఎంతన్న లెక్కమీద ఏటా తేలుతుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లోని దాదాపు 10 లక్షల ఎకరాలకు ఆ అనిశ్చితిని తొలగించడం పోలవరం నుంచి ఆశించిన మొదటి మేలు. ముంపు మండలాల్లో సుమారు లక్ష కుటుంబాలు ఊళ్లు వదులుకోవలసి ఉంది. ఒక్క పనికాలం చేజారితే ఈ ఇద్దరూ ఒక ఏడాది పోగొట్టుకుంటారు, ఆ ఏడాది ఏ ఆదా లెక్కలోనూ కనిపించదు. అంతటి ప్రాజెక్టును పర్యవేక్షించే అథారిటీ కార్యాలయం అనేక ఏళ్లపాటు నది ఒడ్డున కాక హైదరాబాదులో ఉండటం కూడా ఈ నిర్లక్ష్యంలో భాగమే.

చేయవలసిన పని కొత్త సంస్థను పుట్టించడం కాదు, ఉన్నదాన్ని రద్దుచేయడమూ కాదు. రాష్ట్ర జలవనరుల శాఖ, జెన్‌కో, అథారిటీ, కేంద్ర జలసంఘం కలిసి ఒక బాధ్యతల పత్రంపై సంతకం చేయాలి. ఎంత విలువ దాటిన ఒప్పందం అథారిటీ ముందస్తు ఆమోదం లేకుండా కుదరరాదో, ఒప్పందం రద్దు, విభజన, నామినేషన్ ప్రతిపాదనలకు ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలో, గడువులోగా జవాబు రాకపోతే అంగీకరించినట్టే భావించి ఆ మౌనానికి ఏ అధికారి బాధ్యుడో అందులో ఉండాలి. పరిశీలకుడి అభ్యంతరాన్ని కాదని ముందుకు వెళ్లే హక్కు ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వానికి ఉండవచ్చు, కాని ఎందుకు కాదన్నదో కారణాలతో సహా శాసనసభ ముందు పెట్టవలసిందే. అన్నిటికన్న ముందు, పనుల క్రమాన్ని ఆమోదించి, ప్రతి పనికాలం మొదట్లో దాన్ని సరిచూసి, గుత్తేదారు మారినా ఆ క్రమం తప్పకుండా చూసే బాధ్యత ఒక పదవికి అప్పగించి, ఆ పదవిని పోలవరానికి దగ్గరలో, రాజమహేంద్రవరంలో ఉంచాలి.

కొత్త డయాఫ్రం వాల్ మీద రాతి మట్టి డ్యాము పనులు ఇంకా మిగిలే ఉన్నాయి, వాటితోపాటు కాలువలు, పునరావాస కాలనీలు, జలవిద్యుత్ కేంద్రం ఒప్పందాలు నడుస్తూనే ఉంటాయి. వాటిలో ఏ ఒక్కదాన్ని మార్చే ముందైనా ఈ పత్రం సిద్ధం కావాలని గోదావరి జిల్లాల నీటి సంఘాలు, ఇంజనీర్ల సంఘాలు, శాసనసభ్యులు పార్టీలకు అతీతంగా అడగాలి.